జీవకణములోని త్రాడు లాగువారు

భావనపాడు తీరమున ఒడ్డునుండి పెద్దవల లాగుట చూచినవారు మన శ్రోతలలో పలువురుందురు. త్రాటి కొన ఒకటి ఒడ్డుననే ఒక జట్టు చేతిలో ఉండును. పడవ సముద్రములోనికి పోయి, వలను అర్ధచంద్రాకారముగా దింపుచు మరలి వచ్చి, రెండవ కొనను కొంత దూరమున నిలిచియున్న మరియొక జట్టుకు అందించును. అటుపిమ్మట రెండు జట్లవారును ఒక్క ఊపున లాగుదురు. నీటి అంచున త్రాడు పట్టినవాడు వెనుకకు నడచును. వరుస చివరకు చేరినవాడు చేయి విడిచి, మరల నీటి దగ్గరకు వచ్చి, క్రొత్తగా పట్టుకొనును. ఒక్కొక్కరి బలము స్వల్పమే. విడుచువారు విడుచుచునే యుందురు, పట్టువారు పట్టుచునే యుందురు. వల మాత్రము వెనుకకు జారదు.

ఇంచుమించు ఇట్టి పనియే, కంటికి ఆనని కొలతలో, మన శరీరమునందలి జీవకణములలో రేయింబవళ్ళు జరుగుచున్నది. అచట త్రాడు లాగునవి కొన్ని మాంసకృత్తులు. వీనిని శాస్త్రజ్ఞులు మోటారు మాంసకృత్తులని పిలుచుచున్నారు. ఇవి ఒక్కొక్కటియు ఒకే ముద్ద కాదు. పెద్దవి చిన్నవి కొన్ని భాగములు కూడి ఒక్క మోటారగును. ఆ భాగములకు ఈ ప్రసంగములో ఉపాంగములని పేరు పెట్టుకొందము. ఏ ఉపాంగము ఏ పని చేయునో తెలియుటకు తోడ్పడిన ప్రాణి మనిషి కాదు, జంతువు కాదు. రాలిన ఆకుల క్రింద బ్రతుకు ఒక జిగురుబూజు.

పేరు బూజే గాని, ఇది రొట్టెపై పట్టు బూజు జాతిది కాదు. శాస్త్రీయ నామము డిక్టియోస్టీలియం డిస్కాయిడియం. నోరు తిరుగని పేరే. కెనెత్ రేపర్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు ఉత్తర కెరొలైనా రాష్ట్రపు అడవిలో క్రుళ్ళిన ఆకులనుండి దీనిని సేకరించి, 1935లో వర్ణించెను. ఆహారము దొరకినంతకాలము ఇది ఏకకణ జీవి. మట్టిలో ప్రాకుచు, బాక్టీరియాలను మ్రింగుచు, రెండుగా చీలి వృద్ధి పొందును. ఆహారము తీరినప్పుడే దీని విచిత్రము బయటపడును. ఆకలిగొన్న కణములు ఒక రసాయనమును విడిచి ఒకదానినొకటి పిలుచుకొనును. వేలకొలదిగా, ఒక్కొక్కప్పుడు లక్ష వరకు కణములు ఒకచోట చేరి, మొదట ఒక దిబ్బగా, తరువాత రెండు నాలుగు మిల్లీమీటర్ల పొడవు గల నత్తవంటి ఆకారముగా ఏర్పడి, వెలుతురు వైపు ప్రాకును. తుదకు ఒక సన్నని కాడయు, దాని కొనను సిద్ధబీజముల గుత్తియు నిలుచును. ఇదంతయు ఇంచుమించు ఒక్క దినములో ముగియును. కాడగా మారిన కణములు, మొత్తములో ఐదవ వంతు, చచ్చిపోవును. మిగిలినవి బీజములై మరొక చోట మొలకెత్తును.

ప్రాకుట, మ్రింగుట, చీలుట, గుమిగూడుట, కాడ నిలుపుట — ఇవన్నియు కదలికలే. కదలికకు ఇంధనము కావలెను. ఆ ఇంధనము సంగతి చెప్పునప్పుడు తెలుగువాడొకని పేరు చెప్పక తప్పదు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికాకు పోయి హార్వర్డు వైద్య కళాశాలలో పనిచేసిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు, సైరస్ ఫిస్క్ గారితో కలిసి 1929లో కండరములనుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అను పదార్థమును వేరుచేసిరి. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ గారు కూడ విడిగా దీనిని కనుగొనిరి. పొడి అక్షరములలో దీనిని ఏ.టి.పి. అందురు. ఇందు మూడు ఫాస్ఫేటు ఖండములు గొలుసుగా ఉండును. కొన ఖండము తెగినప్పుడు వెలువడు శక్తితో మోటారు మాంసకృత్తు ఒక్క అడుగు వేయును. మరొక అడుగునకు మరొక ఏ.టి.పి. కావలెను. రక్తములోను కండరములోను భాస్వరమును కొలుచుటకు ఫిస్క్, సుబ్బారావుగార్లు 1925లో ప్రకటించిన రంగు పరీక్ష, దశాబ్దములపాటు ప్రయోగశాలలలో నిత్యోపకరణముగా నిలిచినది. మోటారు ఎంత ఇంధనము ఖర్చుచేసెనో తెలియవలెనన్నచో తెగిన ఫాస్ఫేటును కొలువవలెను గదా! మరియొక వింత యేమనగా, ఆకలిగొన్న జిగురుబూజు కణములు పరస్పరము పిలుచుకొనుటకు విడుచు రసాయనము కూడ ఈ ఏ.టి.పి.నుండి తయారగునదే. 1967లో ఈ సంగతి తేలినది.

మోటారు నడచుటకు బాట యుండవలెను. జీవకణములో రెండు తీరుల బాటలు గలవు. మొదటిది ఆక్టిన్ అను సన్నని పోగు. రెండవది సూక్ష్మనాళిక, ఇది బోలుగొట్టము, అడ్డుకొలత 25 నానోమీటర్లు. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. ఆక్టిన్ బాటపై నడచునది మయోసిన్. సూక్ష్మనాళికపై నడచునవి రెండు: డైనీన్, కైనెసిన్. డైనీన్‌కు ఆ పేరు 1965లో ఇయాన్ గిబ్బన్స్ గారు పెట్టిరి. కైనెసిన్ 1985లో బయటపడినది. అందుకు మూలమైనది స్క్విడ్ అను సముద్రప్రాణి నరము. సూక్ష్మనాళికలు కేంద్రకము ప్రక్కనున్న ఒక బిందువునుండి అంచులకు చక్రపు ఆకులవలె పరచుకొని యుండును. సాధారణముగా కైనెసిన్ బరువును అంచులకు మోయును. డైనీన్ లోనికి, ఆ బిందువు వైపునకు లాగును. ఈ దిక్కుల భేదము జ్ఞాపకముంచుకొనుడు, తరువాత అవసరపడును.

ఇక అన్ని ప్రాణులనుండి ఈ జిగురుబూజునే ఎన్నుకొనుటకు కారణము చెప్పెదను. రేడియో పెట్టె పాడైనప్పుడు బాగుచేయువాడేమి చేయును? అనుమానము గల భాగమునొకదానిని తొలగించి, ధ్వని ఏమగునో వినును. శాస్త్రజ్ఞుడు కూడ ఒక జన్యువును తొలగించి, కణమునకు ఏ పని తప్పినదో చూచును. మనిషి కణములో ప్రతి జన్యువునకు సాధారణముగా రెండు ప్రతులుండును. ఒకటి తీసివేసినను రెండవది పని సాగించును. జిగురుబూజు కణమునకు ఒక్కటే ప్రతి. అది పోయినచో లోపము వెంటనే కనబడును. పైగా ఇది సీసాలో సులభముగా పెరుగును. 2005లో దీని జన్యురాశి మొత్తము చదువబడినది: సుమారు 3 కోట్ల 40 లక్షల అక్షరములు, 12,500 జన్యువులు. అందు కైనెసిన్‌లకు 13 జన్యువులుండగా, డైనీన్ ప్రధాన భాగమునకు ఒక్కటే కలదు.

ముందుగా మయోసిన్ కథ. ఇది కండరములకు మాత్రమే చెందిన సొత్తని చాలకాలము తలచిరి. జిగురుబూజులలో మరియొక జాతి, ఫైసారమను పసుపుపచ్చని ముద్ద, ఆ అభిప్రాయమును మార్చినది. దాని నరములవంటి కాలువలలో రసము కొంతసేపు ఒకవైపునకు, కొంతసేపు వెనుకకు ప్రవహించుచుండును. 1952లో ఏరియల్ లోవీ గారు దానినుండి కండరపదార్థమును పోలిన మాంసకృత్తును తీసిరి. 1966లో జపానులో హతానో, ఓసావా గార్లు అందులోని ఆక్టిన్‌ను శుద్ధిచేసిరి. కండరము లేని ప్రాణికి కండరపు సామగ్రి యున్నదని అట్లు రుజువైనది.

డిక్టియోస్టీలియంలోని ముఖ్యమైన మయోసిన్ ఆరు ముక్కల కూర్పు. రెండు పెద్ద గొలుసులు, ఒక్కొక్కదానిలో 2,116 అమైనో ఆమ్లములు. వాని మెడలను చుట్టుకొని రెండు జతల చిన్న గొలుసులు. పెద్దవానిని భారశృంఖలలనియు, చిన్నవానిని లఘుశృంఖలలనియు అందురు. భారశృంఖలకు తల, మెడ, తోక యుండును. తల ఏ.టి.పి.ని తెంచి, ఆక్టిన్‌ను పట్టి విడుచును. తోకలు ఒకదానితో నొకటి పెనవేసుకొని మోకువలె అగును.

1987లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున డె లోజాన్, జేమ్స్ స్పూడిచ్ గార్లు భారశృంఖల జన్యువును భగ్నము చేసి చూచిరి. కణము చచ్చునని పెక్కురు తలచియుందురు. చావలేదు. ప్రాకుట కూడ మానలేదు. కాని ద్రవములో తేలునప్పుడు రెండుగా చీలలేకపోయెను. కేంద్రకములు మాత్రము విభాగము పొందుచుండుటచే, ఒకే కణములో అనేక కేంద్రకములతో ఉబ్బిన ముద్దలేర్పడెను. గాజుపలకపై ఉంచినప్పుడు అవి రెండు వైపులకు ప్రాకి తమ్ము తామే చింపుకొనెను. అది విభాగమనుటకంటె తెగతెంపులనుట మేలు. ఆకలి వేళ గుమిగూడి దిబ్బ కట్టినవి, అచటనే ఆగిపోయినవి. కాడ లేదు, బీజములు లేవు.

ప్రధానాంగము పోయినప్పుడు పని చెడుట ఆశ్చర్యము కాదు. ఆశ్చర్యము చిన్నవాని విషయములో కలదు. 1992లో రెక్స్ చిషోల్మ్ గారి బృందము భారశృంఖలను ముట్టక, ఒక జాతి లఘుశృంఖలను మాత్రము తొలగించెను. పెద్ద గొలుసులున్నను, కణములు మరల చీలలేకపోయెను. రెండవ జాతి లఘుశృంఖలను తొలగించినప్పుడును లోపము కనబడెను. ఈ చిన్న గొలుసులు ఏమి చేయుచున్నట్లు? దీనికి 1996లో స్పూడిచ్ గారి ప్రయోగశాల చక్కని సమాధానమిచ్చెను. మయోసిన్ మెడలో లఘుశృంఖలలు కూర్చుండు చోట్లు రెండు. వారు ఒక చోటు తీసివేసి, రెండింటిని తీసివేసి, మరియొకటి అదనముగా చేర్చి, నాలుగు తీరుల మోటార్లను తయారుచేసిరి. చోట్లు పెరిగినకొలది వేగము ఆ లెక్కకు సరిగా పెరిగెను. మన పల్లెలలో ఏతము ఎరిగినవారికి ఇది వింత కాదు: మాను పొడవైనకొలది, అదే కదలికకు కొన ఎక్కువ దూరము ఊగును. అయితే మాను మెత్తనిదై వంగిపోయినచో నీరు పైకి రాదు. మయోసిన్ మెడ స్వతహాగా అంత దృఢమైనది కాదు. లఘుశృంఖలలు చుట్టుకొని దానిని గట్టి మానుగా చేయుచున్నవి. పైగా ఒక జాతి లఘుశృంఖలకు ఫాస్ఫేటు అతుకుటచే మోటారు చురుకుదనము పెరుగును. అనగా మాను గట్టిదనమొక ఉపాంగమువలన, చురుకు తగ్గు హెచ్చులు మరియొక ఉపాంగమువలన.

డైనీన్ నిర్మాణము ఇంతకంటె జటిలము. దీని భారశృంఖల ఒక్కటియే సుమారు 4,700 అమైనో ఆమ్లముల పొడవు. జీవలోకములోని అతిపెద్ద మాంసకృత్తులలో నొకటి. అట్టివి రెండు జతకూడును. ఒక్కొక్కదాని తల ఆరు దిమ్మెలతో కూడిన వలయము. ఆ వలయమునుండి ఒక పొడవైన కాడ బయలుదేరి, దాని కొనతో సూక్ష్మనాళికను పట్టుకొనును. వలయమునకు అడ్డముగా ఒక కడ్డీ ఊగును. 2012లో జపాను శాస్త్రజ్ఞులు కోన్, కురిసు మొదలగువారు ఈ వలయమును పరమాణువుల స్థాయిలో చూపగలిగిరి. వారు వాడినది మన జిగురుబూజు డైనీనే. ఈ భారశృంఖల జన్యువును పూర్తిగా తీసివేసినచో కణము బ్రతుకదని 1998లో తేలినది. మయోసిన్ లేక పోయినను ఎట్లో ఈడ్చుకొని వచ్చిన ప్రాణి, డైనీన్ లేనిదే నిలువలేదు.

వలయములు లాగును, కాని దేనిని లాగవలెనో వానికి తెలియదు. ఆ పని తోక దగ్గర కూర్చున్న చిన్న ఉపాంగములది. మధ్యశృంఖలలు, లఘుమధ్యశృంఖలలు, మూడు కుటుంబముల లఘుశృంఖలలు అచట చేరియుండును. మధ్యశృంఖల ఒక చేతితో భారశృంఖలను, మరియొక చేతితో డైనాక్టిన్ అను సహాయక సముదాయమును పట్టుకొనును. డైనాక్టిన్ ద్వారా మోటారు బరువునకు తగుల్కొనును. 1999లో చిషోల్మ్ గారి బృందమువారు జిగురుబూజులో ఈ మధ్యశృంఖలకు కొనలు కత్తిరించిన నకలును ప్రవేశపెట్టిరి. నకలు అసలుతో పోటీపడి, డైనీన్‌కు డైనాక్టిన్‌కు మధ్య నున్న లంకెను చెడగొట్టెను. ఫలితముగా చక్రపు ఆకులవలె ఉండవలసిన సూక్ష్మనాళికలు చిందరవందరయ్యెను. వానికి నడుమనున్న బిందువు రెండుగా వేరుపడి కణవిభాగమునకు సిద్ధపడుట కూడ చెడెను. లాగు బలము చెక్కుచెదరలేదు, ముడి మాత్రము ఊడినది.

ఇప్పుడు ఇందాకటి దిక్కుల భేదము జ్ఞాపకము చేసికొందము. కణము మ్రింగిన పదార్థమును మోయు చిన్న సంచిపై కైనెసిన్, డైనీన్ రెండును ఒకేసారి తగుల్కొని యుండును. ఒకటి వెలుపలికి, ఒకటి లోపలికి. సూక్ష్మదర్శినిలో చూచినచో సంచి కొంత దూరము పోయి, ఆగి, వెనుదిరిగి, మరల పోవుచుండును. ఎందులకు? బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో రూప్ మల్లిక్, విరూపాక్షి సొప్పిన మొదలగువారు 2009లో ప్రకటించిన పరిశోధన ఈ చిక్కును విప్పినది. వారు జిగురుబూజు సంచులను పరీక్షించిరి. లేజరు కాంతితో సూక్ష్మమైన వస్తువును పట్టి నిలుపు పద్ధతి యొకటి కలదు; దానిని కనుగొనిన ఆర్థర్ ఆష్కిన్ గారికి 2018లో నోబెల్ బహుమానము లభించినది. అట్లు పట్టిన సంచిని మోటార్లు ఎంత బలముతో లాగునో వారు కొలిచిరి.

తేలినదేమనగా, వెనుదిరుగుటకు ముందు సంచి రెండు వైపులకు సాగుచున్నది. త్రాడులాగు పందెము జరుగుచున్నదన్నమాట. జట్లు మాత్రము సమానమైనవి కావు. ఒకవైపు బలమైన, పట్టు విడువని కైనెసిన్ ఒక్కటి. రెండవవైపు బలహీనమైన, తేలికగా పట్టు విడుచు డైనీన్‌లు నాలుగునుండి ఎనిమిది వరకు. కైనెసిన్ ఒక్కటి ఐదారు పికోన్యూటనుల బలమునకు నిలుచును. డైనీన్ ఒక్కటి సుమారు ఒక్క పికోన్యూటనుకే నిలుచును. పికోన్యూటననగా న్యూటనులో లక్ష కోట్లవ వంతు. పందెము ఒక్కొక్కప్పుడు ఇటు, ఒక్కొక్కప్పుడు అటు తేలును; మధ్యలో సాగిన సంచి ఒక్కొక్కసారి రెండుగా తెగును. ఈ తెగుట ప్రమాదము కాదు. మ్రింగినదానిలో జీర్ణము చేయవలసినదేదో, వెనుకకు పంపవలసినదేదో వేరుచేయుటకు ఇది కణమునకు పనికివచ్చుచున్నది.

బలహీనుల జట్టు బలవంతుని ఎదుట ఎట్లు నిలుచును? దీనికి అదే మల్లిక్ గారు అంతకుముందు, 2004లో, కాలిఫోర్నియాలో స్టీవెన్ గ్రోస్ గారితో కలిసి చేసిన పని కొంత దారి చూపును. బరువు లేనప్పుడు డైనీన్ 24 లేక 32 నానోమీటర్ల పెద్ద అంగలు వేయును. బరువు పెరిగినకొలది అంగ చిన్నదై 8 నానోమీటర్లకు దిగును. కొండదారిలో మోటారు బండి గేరు మార్చినట్లే. జట్టులో ముందున్న డైనీన్‌పై బరువు ఎక్కువ పడును గనుక అది చిన్న అంగలు వేయును. వెనుకనున్నవి పెద్ద అంగలతో వచ్చి కలిసికొనును. అందరును దగ్గరగా చేరి బరువును పంచుకొందురు. ఎలుక రక్షకకణములనుండి తీసిన సంచులపై 2013లో జరిపిన కొలతలు దీనిని బలపరచినవి. పెద్దవల లాగువారిలో నాయకుడు కేకవేసి అందరి అడుగును కలుపును. ఇచట కేక లేదు, బరువే కేక.

మ్రింగబడిన రోగక్రిమి జీర్ణరసముల చోటికి చేరుట ఈ జట్టుపై ఆధారపడి యున్నది. డైనీన్‌లు సంచి పైపొరలో కొలెస్టెరాలు గల మచ్చలపై గుంపుగా చేరి లాగునని అదే సంస్థ 2016లో చూపెను. కాలా అజార్ జ్వరమును కలిగించు లీష్మానియా క్రిమి పైపూతలోని ఒక పదార్థము ఆ మచ్చలను చెదరగొట్టును. మోటార్లు చావవు, ఉపాంగములు ఊడవు. జట్టు మాత్రము విడిపోవును. శత్రువు ఎంత తెలివిగా ఎక్కడ కొట్టునో చూడుడు.

మయోసిన్ పరిశోధన మన గుండెవరకు వచ్చినది. గుండె కండరములోని మయోసిన్‌కును జిగురుబూజు మయోసిన్‌కును తల, మెడ, లఘుశృంఖలల ఏర్పాటు ఒక్కటే. గుండె మయోసిన్ భారశృంఖలలోనో, దానితో కలిసి పనిచేయు ఇతర మాంసకృత్తులలోనో పుట్టుకతో లోపమున్నచో, కొందరిలో గుండె గోడ దళసరియై, యౌవనముననే హఠాన్మరణము సంభవించుట కలదు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రములో తంగరాజ్ గారు మొదలగువారు 2009లో ఒక ముఖ్యవిషయము ప్రకటించిరి. మయోసిన్ తలలను అదుపులో ఉంచు ఒక మాంసకృత్తు జన్యువులో 25 అక్షరములు లోపించుట భారత ఉపఖండ ప్రజలలో సుమారు నూటికి నలుగురిలో కనబడుచున్నది. ఈ లోపము గలవారందరికి జబ్బు వచ్చునని కాదు. వయసు గడచినకొలది గుండె నీరసించు అవకాశము మాత్రము హెచ్చును. స్పూడిచ్, మైకేల్ షీట్జ్, రొనాల్డ్ వేల్ గార్లకు మోటారు మాంసకృత్తుల కృషికై 2012లో లాస్కర్ బహుమానము లభించినది. వారిలో స్పూడిచ్ గారు తరువాత గుండె మయోసిన్ అతిచురుకును తగ్గించు మందుల పనికి పూనుకొనిరి. మావాకాంటెన్ అను అట్టి మందును 2022లో అమెరికా ప్రభుత్వము ఒక తీరు గుండె దళసరి వ్యాధికి ఆమోదించెను.

కుటుంబములో చిన్నవయసున గుండె ఆగి మరణించినవారున్నచో, లేక గుండెగోడ దళసరి వ్యాధి ఒకరికి తేలినచో, రక్తసంబంధీకులు తమ గుండెను కూడ పరీక్ష చేయించుకొనవలెనని వైద్యులు చెప్పుదురు. ధ్వనితరంగములతో గుండె గోడ మందమును తెరపై చూచి కొలుచు ఆ పరీక్షకు సూది గాని కోత గాని అవసరముండదు.